తెల్లదాన్ని సన్నగ జేద్దామని

మా ఇంట్ల రెండు గుర్రాలు. ఒకటి తెల్లది, ఆడగుర్రం. ఇంకోటి ఎర్రోడు, ముసలోడు, చిన్నప్పుడే విత్తులు కొట్టిచ్చిన గుర్రం. వీటికి పేర్లు పెట్టలే. మా మామ గద్వాలల జట్కా తోలేటోడు, ఆయన గుర్రాలకు మంచి మంచి పేర్లుండె. ఆటోలొచ్చినంక జట్కా మూలకు వడ్డది, గుర్రాలు పెండ్లి ఊరేగింపులకే మిగిలినయి. పెండ్లోళ్లు ఫోన్ జేసి "తెల్ల గుర్రమున్నదా?" అంటరు, అంతే. గట్ల దాని పేరే తెల్లది అయింది.

నేను ఆ ఇంటికి కోడలిగ వచ్చి ముప్పై ఏండ్లు దాటింది. పగలు మాకున్న కొద్దిపాటి చేన్ల పత్తి సీడు పని, పొద్దుగూకితే గుర్రాల పని. తోమేది నేను, జడలల్లేది నేను, ఉలవలు ఉడకబెట్టేది నేను. మా ఆయన పని కళ్లెం పట్టుకొని పెండ్లికొడుకు ముంగట నడుసుడు, మీసం దువ్వుడు. గుర్రాల సంగతి నాకు తెల్వనిదేంది లేదని మా బజారంత చెప్పుకుంటుంటి. నిజం జెప్పాలంటె మా ఇంట్ల ఎన్నడు ఒక్క గుర్రం ఈనలే. మా మామ గానీ, మా ఆయన గానీ పెరిగిన గుర్రాన్ని కొనుక్కొచ్చుడే గానీ పిల్లను పుట్టిచ్చి సాకింది లేదు. గా సంగతి మాత్రం బజార్ల చెప్పకపోతుంటి.

శ్రావణంల ఒక పెండ్లికి తెల్లదాన్ని తోలుకపోయినం. పెండ్లికొడుకు పొడుగ్గ, బక్కగ ఉన్నడు. తళతళ మెరిసే షేర్వాణి, కింద బిగుతు పైజామ. మా ఆయన చెయ్యి ఆసరా ఇచ్చి ఎక్కిచ్చిండు. అటొక కాలు, ఇటొక కాలు వేసి కూసున్నడో లేదో, పర్రుమని సప్పుడు. పైజామ కుట్లన్ని పోయినయి! తెల్లది అంత వెడల్పున్నది మరి. బ్యాండోళ్లు వాయిస్తనే ఉన్నరు, పిల్లలు ఎగురుతనే ఉన్నరు. ఆ పిలగాడు మాత్రం రెండు చేతులు ఒళ్లె పెట్టుకొని బిగవట్టి ఊరంత తిరిగిండు, ఎదురొచ్చిన పెద్దోళ్లకు దండం గూడ పెట్టలే. నాకు నవ్వాగక చెంగు నోట్లె కుక్కుకున్న.

పెండ్లికొడుకు మేనమామకు మాత్రం నవ్వు రాలే. "ఇది గుర్రమా, నీళ్ల ట్యాంకరా? పెండ్లిండ్లల బూంది మేపి మేపి గిట్ల జేసిండ్రా?" అని నలుగుర్ల అన్నడు. ఎవరో ఫొటో దీసి ఫోన్లల తిప్పిండ్రు. కార్తీకంకు మాట్లాడుకున్న రెండు పెండ్లిండ్లోళ్లు వేరే గుర్రం చూసుకున్నమన్నరు. మా ఆయనకు మస్తు కోపమొచ్చింది. ఇంటికొచ్చి రుమాలు ఇసిరికొట్టి, "ముహూర్తాలనాటికి ఇది సన్నవడలేదనుకో, అమ్మేస్త. పట్నంల గుర్రాలు కిరాయికిచ్చే సేటు ఎప్పటిసంది అడుగుతుండు" అన్నడు.

తెల్లదాన్ని అమ్ముడా? నేను పొద్దుగాల తలుపు తీస్తె మొదలు చూసేది దాని మొఖమే. నాకు జరమొస్తె అది మేత ముట్టది. "దాన్ని నేను సన్నగ జేస్త, నువ్వు నోర్మూసుకొని చూడు" అన్న. అన్ననంటె ఇగ అన్నట్టే.

అసలు అది లావు కాకుంట ఎట్లుంటది? పెండ్లికొడుకు ఎక్కేముందు అక్కచెల్లెండ్లు గుర్రానికి నానబెట్టిన శెనగపప్పు, బెల్లం తినిపిస్తరు. ఊరేగింపు పోతుంటె ప్రతి పందిరి కాడ ఆగుడు, హారతిచ్చుడు, మల్ల బెల్లం పెట్టుడు. ఎనిమిదేండ్లసంది ఇదే అలవాటు. మామిడాకులు కట్టిన పందిరి కనవడితె తెల్లది తనంతట తానే ఆగుతది. నోట్లె బెల్లమన్న వడాలె, ఎవరన్న దండమన్న పెట్టాలె. లేకపోతె కదలదు.

మొదలు ఉలవలు బంద్ పెట్టిన. తర్వాత బెల్లం బంద్. ఒట్టి ఎండుగడ్డి, అదీ కొలిచి. అయినా కడుపు తగ్గుతలేదు, ఇంకా కిందికి జారుతుంది. అప్పుడు మా ఆయన, "నడిపిద్దాం" అన్నడు. మా మామ బతికున్నప్పుడు గుర్రాలను నడిపిచ్చుకుంట నల్లమల దిక్కు జాతరలకు పోయేటోడంట. తొవ్వ పొంటి మకాములు. అడవి అంచున ఒక ఇంటోళ్లు ఆయనకు దోస్తులు, అడవిల తేనె, చీపురుపుల్లలు ఏరుకొని బతికేటోళ్లు, ఇంత చేను గూడ చేసుకుంటరు. వాళ్ల గుడిసె పక్కన్నే ఆఖరి మకాం వేసేటోడు. ఆ ఇంటి అవ్వ ఇంకా గట్టిగనే ఉంది. "ఆడిదాంక పోయి వద్దాం. నాలుగు మకాములు పోను, నాలుగు మకాములు రాను. తెల్లది పుల్లలెక్కయితది" అన్నడు. భాద్రపదం ముహూర్తాలు లేని నెల, పనేం లేదు. చేను మా మరిదికి అప్పజెప్పినం.

వినాయక చవితి అయిన తెల్లారే బయలెల్లినం. బుద్ధున్నోళ్లు ఎవరన్న ఆ రోజు బయలెల్లుతరా?

ఎర్రోని మీద సామానంత వేసినం. నీలం తాటిపత్రి డేరాకు, గూటాలు, సుత్తె, తాళ్లు, రెండు గంజులు, జొన్నపిండి, ఉల్లిగడ్డ కారం. తెల్లదాని మీద ఏమి వెయ్యలే, మూతికి మాత్రం చిక్కం కట్టిన, నాగలెద్దులకు కట్టేటి అల్లిక చిక్కం. తొవ్వ పొంటి చేన్లల మూతి పెట్టొద్దని. బజార్ల ఆడోళ్లు చూసి, "ఓ అక్కా, మొగనిక్కూడ ఒకటి కట్టరాదు" అన్నరు. "వానిది ఇంకో గుర్రం మీద ఉంది" అన్న.

గద్వాల దాటకముందే నాలుగుసార్లు ఆగింది. సందు సందుకు వినాయకుని మండపం, మండపానికి మామిడాకులు, లైట్లు, మైకుల పాటలు. తెల్లది అదంత పెండ్లే అనుకున్నది! మండపం ముంగటికి పోవుడు, మెడ ఎత్తి నిలవడుడు, ముంగటి కాలుతోని నేల తట్టుడు. మండపం కాడి పిలగాండ్లకు సంబురమే సంబురం. "వినాయకుని కాడికి గుర్రమొచ్చింది!" అని ఉరికొచ్చి చిక్కం సందులకెల్లి ఉండ్రాళ్లు దూరుస్తున్నరు.

"అన్నా, పెట్టకండ్రి, అది పథ్యంల ఉంది" అన్న.

"గుర్రానికి పథ్యమేందక్కా, షుగరొచ్చిందా?"

"నీకొస్తది, నోర్మూయి" అని వాని చేతిల ఉండ్రాయి గుంజుకొని నేనే తిన్న. పండుగపూట దేవుని ముంగట తిట్టొద్దంటరు గానీ నాతోని కాదు. గట్ల ఊరికి మూడు మండపాలు, మండపానికి ఒక లొల్లి. సన్నగ జేస్తనని తెచ్చిన గుర్రం ఇంట్లున్నప్పటికంటె ఎక్కువ తిన్నదేమో ఆ ఒక్కరోజు.

కృష్ణ మీది వంతెన దాటి, పెబ్బేరు ఇంకా రాకముందే పొద్దువంగింది. రోడ్డు పక్కన ఒక దాబా. దాని ఎనుక ఖాళీ జాగ, నాలుగు యాపచెట్లు, బోరు. దాబా ఆయన లారీలను చూసి చూసి ఇసుగొచ్చినట్టున్నడు, గుర్రాలను చూడంగనె "ఆగుండ్రి, ఆగుండ్రి, ఎన్ని దినాలన్న ఉండుండ్రి" అన్నడు. అదే మా మొదటి మకాం. గుర్రాన్ని బయట కట్టేసుడు ఒక పని. మెడ తాడు ముంగట రెండు గూటాలకు, ఎనుక కాలి తాడు ఒక గూటానికి. ముంగటికి ఉరకొద్దు, ఎనుకకు తన్నొద్దు, పడుకునేంత జాగ మాత్రం ఉండాలె. మా ఆయన కట్టిన ముడిని నేను మల్ల ఇప్పి కట్టిన. ఆయన పని ఎప్పుడూ అంతే, ముడి కంటె మీసం మీద ధ్యాస ఎక్కువ. ఆ రోజు ఆయన సుత్తె ఆడనే పడేసి బోరు దిక్కు పోయిండు. నేనే గెలిచిన అనుకున్న.

రెండో మకాం శ్రీరంగాపూర్ చెరువు. నీళ్లు నిండుగున్నయి, గడ్డి మోకాళ్ల దాంక. ఎర్రోడు మేసి మేసి నీళ్లల దిగి మెడదాంక నిలవడ్డడు, చిన్న పిలగాడే అయిండు. తెల్లదాని చిక్కం మాత్రం నేను ఇప్పలే. కొలిచిన ఎండుగడ్డి వేసి, అది తినంగనె మల్ల కట్టేసిన. అది పచ్చగడ్డి దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. "నన్ను చూడకు. సేటు దొడ్లె నిన్ను ఎవరు చూస్తరో గప్పుడు తెలుస్తది" అన్న. చెరువు ఒడ్డు గుడికి దర్శనానికొచ్చినోళ్లు ఫొటోలు దిగుతున్నరు. మా ఆయన అందరికి తన మొఖం గూడ వచ్చేటట్టు నిలవడుతుండు. నేను మూడు రాళ్లు పెట్టి రొట్టెలు కాల్చిన. ఎన్నేండ్లకో ఇద్దరం గట్ల ఒక్కతాన కూసొని గాలికి తిన్నం. నిజంగ మస్తు మంచిగనిపిచ్చింది. గద్వాలల అయితె ఆయన తినేటప్పుడు నేను నీళ్లు పోస్తుంట, నేను తినేటప్పుడు ఆయన గురక పెడ్తుంటడు.

గంజులు కడిగి వస్తుంటె చూసిన కదా, మా ఆయన తెల్లదాని పక్కకు నిలవడి అంగీ జేబుల చెయ్యి పెడ్తుండు, దాని మూతి కాడికి తీస్తుండు. ఉలవలు! ఇంట్లకెల్లి దొంగతనంగ తెచ్చిండు.

"ఏందయ్యా ఇది? అమ్ముతనన్నోనివి నువ్వే, మేపేటోనివి నువ్వేనా?"

"ఏమే, పాపం దాని కండ్లు చూడు" అన్నడు.

"కండ్లు చూస్తె కడుపు తగ్గదు" అని జేబు తిరగేసి ఉన్న గింజలన్ని ఎర్రోనికి వేసిన. ఆయన ఏడ్చే మొఖం పెట్టిండు. నాకూ పాపమనిపిచ్చింది, కానీ దాన్ని కాపాడేది నేనొక్కదాన్నే అన్న గర్వం ఉండె చూడు, అది చిక్కం ఇప్పనియ్యలే.

మూడో దినం తెల్లది నడుస్తలేదు. పది అడుగులు వేసుడు, ఆగుడు. తల తిప్పి తన డొక్క దిక్కు తనే చూసుకునుడు. ఇప్పుడు మండపం లేదు, బెల్లం లేదు, అయినా ఆగుతుంది. "నాటకాలు. దీనికి పెండ్లిండ్లల నేర్చిన నాటకాలు" అన్న. తోసిన, అదిలిచ్చిన, ముంగటికెల్లి గుంజిన. కోడేరు చేరేసరికి నాకు నోరెండింది, దానికి చెమటలు. చేన్ల పల్లికాయ పీకుతున్న ఒక ఇంటోళ్లు గట్టు మీద జాగ ఇచ్చిండ్రు. ఆ ఇంటామె మా ఈడుదే. తెల్లదాన్ని చూసి ఒక మోపు పచ్చి పల్లికట్టె మేతకు ఎత్తుకొచ్చింది.

"వద్దమ్మా, అది లావయిందని నడిపిస్తున్నం" అన్న.

"తినకుంటె ఎట్ల నడుస్తది, అమ్మా? మేమైతె నడుస్తమా?"

"మీ తాన గుర్రాలున్నయా?" అన్న, మొఖం మీదనే. ఆమె చిన్నవోయింది, కట్టె ఎర్రోని ముంగట పడేసి ఎల్లిపోయింది. ఇప్పుడు తలుచుకుంటె నా నోటిని నేనే కొట్టుకోవాలనిపిస్తది. తెల్లది ఆ సాయంత్రం నిలవడలేక పక్కకు ఒరిగి పడుకున్నది, ఎర్రోడు తింటుంటె చూసుకుంట.

నాలుగో దినం పొద్దువాలేసరికి కొండలు కనవడ్డయి. అడవిలోపలికి పోనియ్యరు, పులులు తిరిగే అడవి. అవ్వోళ్ల గుడిసెలు బయటనే, చేన్ల ఒడ్డున. అవ్వ వాకిట్ల చీపుర్లు కడుతుంది. మా ఆయనను చూసి, "జట్కాయన కొడుకువా? నాయన మీసమే నీకొచ్చింది" అని నవ్వింది. ఆయన రెక్కలొచ్చినట్టయిండు. నేను మా తిరుగుడు సంగతంత చెప్పవట్టిన. పైజామ సంగతి చెప్తే అవ్వ పడి పడి నవ్వింది. కానీ నవ్వుకుంటనే తెల్లదాని చుట్టు ఒక తిప్పు తిరిగింది. వంగి పొదుగు చూసింది. తోక ఎత్తి చూసింది. ఇగ నవ్వలే.

"దీనికి నీళ్లు తాపినవా?"

"ఇంకా లేదవ్వా."

కుండల సల్లటి నీళ్లు బకెట్ల పోసి తాపిచ్చింది. తెల్లది సగం తాగినంక నా చెయ్యి గుంజి డొక్క కింద పెట్టింది. ఒక గడియ ఏం లేదు. తర్వాత నా అరచేయిని లోపలికెల్లి ఏదో తన్నింది. గట్టిగ. ఇంకోసారి.

"లావు గాదే పిచ్చిదానా. ఇది సూడిది. దీని కడుపుల పిల్ల ఉంది, నెలలు నిండినయి" అన్నది అవ్వ.

నేను ఆడనే మట్టిల కూసున్న. ఉలవలు బంద్ పెట్టింది నేను. చిక్కం కట్టింది నేను. నెలలు నిండిన దాన్ని గద్వాలకెల్లి గుంజుకొచ్చింది నేను. గుర్రాల సంగతి తెల్వనిదేంది లేనిదాన్ని! చిక్కం ఇప్పుదామంటె నేను బిగిచ్చిన ముడి నాకే రాలే, అవ్వే ఇప్పింది. మొఖం మీద అల్లిక గుర్తులు వడ్డయి, వెంట్రుకలు రాలి. అది వాకిట్లున్న గడ్డి మీద వడి మేయవట్టింది. నేను ఎక్కెక్కి ఏడ్చిన. సిగ్గు లేకుంట, అందరి ముంగట.

మా ఆయన మాత్రం ఎర్రోని దిక్కు అనుమానంగ చూస్తుండు.

"వాని దిక్కేం చూస్తవు? వాడు కొట్టిచ్చిన గుర్రం గదా!" అన్న ఏడ్సుకుంటనే.

ఆయన తల గోక్కుండు, మీసం గోక్కుండు. "పోయినేడు దీపావళి అయినంక జాతర మకాంల..." అని ఆగిండు. ఆ జాతరకు నేను పోలే. ఆడ బీదర్ దిక్కు వ్యాపారుల గుర్రాలు బారుగ కట్టేసి ఉన్నయంట. ఈయన ముడి సక్కగ వెయ్యలే. పొద్దుగాల లేచి చూస్తే తెల్లది ఆ బారుల నిలవడి ఉన్నదంట, ఒక నల్ల మొగగుర్రం పక్కన. ఈయన సప్పుడు జెయ్యకుంట తెచ్చి కట్టేసుకున్నడు.

"ఆ ముచ్చట అప్పుడే చెప్పొద్దా?"

"నువ్వు తిడ్తవని..."

"ఇప్పుడు తిట్టనా?" అని లేచిన. ఎంత తిట్టిన్నో నాకే తెల్వదు. అవ్వ మనుమరాండ్లు చాటుకు నిలవడి మస్తు ఖుషీగ విన్నరు. అంటె మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం, అన్ని పెండ్లిండ్లల ఆ పెండ్లికొడుకులంత ఇద్దరి మీద కూసున్నరన్నట్టు. తెల్లదానికి ఏడవ నెల దాటినంక గూడ మేము డీజే ముంగట ఎగిరిపిచ్చినం.

తెల్లారి మండలంల పశువుల దవాఖాన నుంచి డాక్టర్ సారు బండి మీద వచ్చిండు. చెయ్యి పెట్టి చూసి, పిల్ల బతికే ఉంది, సక్కగనే తిరిగి ఉంది అన్నడు. నేను గాలి పీల్చుకున్న. అప్పుడు పొదుగు పట్టి చూసి మొఖం చిట్లిచ్చిండు. "ఈపాటికి పొదుగు దిగాలె. ఎండిపోయి ఉంది. ఏం పెడుతున్నరు దీనికి?" నేనే చెప్పిన, ఒక్కటి దాయకుంట. సారు తిట్టలే, తిడితె మంచిగుండు. "పుట్టిన పిల్ల తొందరగ ముర్రుపాలు తాగాలె. తాగకుంటె దక్కదు. పది పన్నెండు దినాలుంది, పాలు దిగేటట్టు మేపుకోండ్రి. ఎక్కడికి కదపకండ్రి" అని చెప్పి పోయిండు.

ఇగ ఆడనే డేరా పాతినం. ఇల్లు లేదు, చేను లేదు, ఒక్కటే పని. నేను పొద్దుగాల మూడు రాళ్ల మీద ఉలవల గంజు ఎక్కిస్తె, రాత్రి దించుడే. పొట్ట ఉబ్బొద్దని సారు చెప్పినట్టు మొదలు ఇంతింత, తర్వాత కొంచెం కొంచెం ఎక్కువ. అవ్వ జొన్న జావల బెల్లం కలిపి తాపమన్నది. మా ఆయన చేన్ల గట్లన్ని తిరిగి పచ్చగడ్డి మోపులు మోసిండు. తల మీద గడ్డి, మీసం మీద గడ్డి, పెండ్లిండ్లల నీటుగ నడిచే మనిషేనా ఇతను అనిపిచ్చేది. ఎర్రోడు మాత్రం తన వాటా తగ్గిందని నారాజై నా కొంగు నమిలిండు. మండపాల పాటలు దూరంకెల్లి వినవడుతె తెల్లది చెవులు నిక్కవొడిచేది, "ఈడ్నే ఉండమ్మా, బెల్లం ఈడ్నే ఉంది" అనేదాన్ని.

రోజుకు పదిసార్లు వంగి పొదుగు చూసుడు. నాలుగు దినాలు ఏం మార్పు లేదు. మా మరిది ఫోన్ జేసి "వదినా, ఎప్పుడొస్తరు?" అంటె, "పాలు దిగినంక" అన్న. "ఎవరికి?" అన్నడు బీరిపోయి. ఐదో దినమో ఆరో దినమో పొదుగు జర గట్టివడ్డట్టనిపిచ్చింది. మా ఆయనను పిలిచిన, "నువ్వు రోజు గట్లనే అంటున్నవు" అన్నడు. అవ్వ చూసి "ఆఁ, దిగుతుంది గానీ తక్కువే" అన్నది. ఆ తక్కువే అన్న మాట నాకు ముద్ద మింగనియ్యలే.

ఒకనాడు గడ్డి కోసుకుంట మా ఆయనను అడిగిన. "మరి పట్నం సేటుకు అమ్ముతనంటివి?"

"ఎవరమ్ముతరే?" అని కొడవలి ఆపిండు. "కోపంల అన్న. నువ్వు గంత పట్టుకుంటవని నాకేం తెలుసు? నేను వద్దందామనుకునేసరికి నువ్వు ఉలవలు బంద్ పెట్టినవు, అడ్డమొస్తె నాకూ బువ్వ బంద్ పెడ్తవని ఊకున్న." నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఆయన అమ్మేది లేదు, నేను దాని కడుపు ఎండగట్టే అవసరం లేదు. ఒక్క మాట మాట్లాడుకుంటె అయిపోయేది. ముప్పై ఏండ్ల సంసారంల ఆ ఒక్క మాట దొరకలే మాకు.

పన్నెండో దినం తెల్లారుజామున అవ్వ వచ్చి డేరా తట్టింది. బయటికొచ్చి చూసేసరికి తూరుపు తెల్లవడుతుంది. తెల్లది పడుకొని ఉంది, మెడంత చెమట. ఎక్కువసేపు పట్టలే. ముంగటి కాళ్లు రెండు, వాటి మీద పెట్టుకున్నట్టు మూతి, ఆ ఎనుక ఒళ్లంత జారి గడ్డి మీద వడ్డది. నల్లగ ఉంది! బొగ్గు నలుపు. "తెల్లదానికి నల్లదా?" అని మా ఆయన నోరు తెరిచిండు. "తండ్రి పోలిక. నీ ముడి పోలిక" అన్న. తెల్లది లేచి దాన్ని నాకవట్టింది, ఆగకుంట.

పిల్ల లేవాలె. లేచింది, వడ్డది. కాళ్లు నాలుగు నాలుగు దిక్కులకు పోయినయి. మల్ల లేచింది. ఈసారి నిలవడి ఊగుకుంట పాలు ఎతకవట్టింది. తల్లి ముంగటి కాళ్ల నడుమ ఎతికింది. డేరా గుంజకు మూతి పెట్టి చీకింది. మా ఆయన మోకాలు చీకింది. "ఆడ పాలు లేవురా నాయనా" అని ఆయన ఏడ్సుకుంట నవ్వుతుండు. ఆఖరికి పొదుగు కాడికి చేరింది. తెల్లదానికి ఇది మొదటి ఈత, కితకితలు పెట్టినట్టయి పక్కకు జరిగింది, కాలు లేపింది. పిల్ల వెల్లకిల వడ్డది.

రెండుసార్లు గట్లనే. మూడోసారి పిల్ల వడి ఇగ లేవలే, మెడ చాపి పడుకున్నది. పొద్దు పొడిచింది. అవ్వ నా దిక్కు తిరిగి, "నువ్వు పో. నీ మాట వింటది" అన్నది.

నా మాట ఎందుకు వింటది? నేను దాన్ని ఏం జేసిన్నో దానికి తెల్వదా? అయినా పోయిన. ఉలవల బకెట్ పట్టుకొని ముంగట నిలవడి దాని నుదురు మీద నా నుదురు ఆనిచ్చిన. "తప్పయిందమ్మా. నాది తప్పే. దాన్ని తాగనియ్యి" అన్న. అది మూతి బకెట్ల పెట్టింది. నమలవట్టింది. అవ్వ, మా ఆయన ఇద్దరు కలిసి పిల్లను లేపి నిలవెట్టి పొదుగు కింద మూతి పెట్టిచ్చిండ్రు. తెల్లది ఒళ్లు ఒకసారి జలదరిచ్చింది, కాలు లేపబోయింది. నేను మెడ నిమిరిన. లేపలే.

చప్పుడు వినవడ్డది. చప్ చప్ అని. తర్వాత గుటక. ఒక గుటక, ఇంకో గుటక. నేను బకెట్ వదలకుంట మెడ మాత్రం తిప్పి చూసిన. పిల్ల మూతి పక్కకు తీసింది, మల్ల పెట్టింది. ఆ నల్లటి మూతి పొంటి తెల్లటి నురగ కారుతుంది. "పాలేనా?" అన్న. నాకు తెలుసు, అయినా అడిగిన. మా ఆయన వేలుతోని తుడిచి నాకు చూపిచ్చిండు. "పాలేనే" అన్నడు.

తెల్లదానికి మా ఏడుపులు పట్టలే. బకెట్ అడుగంట నాకి, ఖాళీ బకెట్‌ను మూతితోని నా కడుపులకు నెట్టింది. ఇంకా కావాలని.

"ఉన్నయే, మస్తున్నయి" అన్న. ఇంకో గంజు పొయ్యి మీద పెట్టనీకె పోయిన.